చేతులతో ఎత్తరాదు

2007 చలికాలమంతా నేను మనుషుల్ని చిన్నచూపు చూడటంతోనే గడిపాను. చదువుకన్నా ఆ పనే నాకు బాగా వచ్చేది. పంతొమ్మిదేళ్లు. ఆక్లండ్‌లో పెర్‌ఫార్మింగ్ ఆర్ట్స్ రెండో సంవత్సరం. పాపటోయిటోయిలో మా తెలుగు చర్చివాళ్లు ఎవరైనా అడిగితే అమ్మ "డిగ్రీ చేస్తోందండీ" అని ఊరుకునేది. ఏం డిగ్రీ అని గుచ్చి అడిగితే "కమ్యూనికేషన్స్ లాంటిది" అనేది. నేలమీద దొర్లడం, గోడను కౌగిలించుకోవడం, పక్కవాడి ఊపిరి వినడం కమ్యూనికేషన్స్ కిందికే వస్తే అమ్మ చెప్పింది అబద్ధం కాదు.

ఆ టర్మ్‌లో ప్రతిఘటన మీద ఒక ప్రదర్శన తయారుచేయాలి. రాసిన నాటకం ఉండదు, మాటలు కూడా దాదాపు ఉండవు. కదలికలు మేమే పుట్టించి, మేమే పేర్చుకోవాలి. మా ట్యూటర్ మార్గోకి యాభై దాటాయి. న్యూజిలాండ్‌లో చలికాలమైన జూన్‌లో కూడా చెప్పులు వేసుకోదు. మొదటిరోజే మమ్మల్ని పన్నెండు మందినీ గుండ్రంగా పడుకోబెట్టి, "మీ కోపం మీ ఒంట్లో ఎక్కడుందో వెతకండి" అంది. ఒకమ్మాయికి మోకాల్లో దొరికింది. ఈతన్‌కి పక్కటెముకల కింద దొరికి కన్నీళ్లు కూడా వచ్చాయి. నాకు వెతకాల్సిన పని లేకపోయింది. నా కోపం ఆ గదిలో నా చుట్టూనే పడుకుని ఉంది.

వాళ్ల ప్రతిఘటన ఎలాంటిదంటే, నోటికి నల్ల టేపు. ప్రపంచంలో ఏ మూల ఏ అన్యాయం జరిగినా మా క్లాసులో ముందు ఖర్చయ్యేది నల్ల టేపే. ఇరాక్ యుద్ధమా, టేపు. అడవులు నరుకుతున్నారా, టేపు. తర్వాత పిడికిలి పైకెత్తడం, తర్వాత చాలా నెమ్మదిగా కూలిపోవడం. కూలిపోయేటప్పుడు ఒకరి కాలు ఒకరికి తగలకుండా మధ్యలో కళ్లు తెరిచి చూసుకునేవారు. సాయంత్రం అదే పిడికిళ్లతో ఫ్లాట్ వైట్ కాఫీలు పట్టుకుని, ఈ రోజు ఎంత శక్తి బయటికొచ్చిందో చెప్పుకునేవారు.

మార్గోకి నా మీద వేరే ఆశలు ఉండేవి. "దీనా, మీ సంప్రదాయ నృత్యంలో కోపానికి ముద్రలుంటాయి కదా, అవి తీసుకురాకూడదూ?" అంది.

"మేం క్రైస్తవులం మార్గో. నాకు తెలిసిన సంప్రదాయం క్రిస్మస్‌కి తువ్వాలు తలకి చుట్టుకుని గొర్రెల కాపరిగా నిలబడటమే" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. నాకు చాలా హాయిగా అనిపించింది.

మరుసటి వారం ఆమె ఇంకో పని ఇచ్చింది. ఎవరి కష్టం ఎవరి కంటికీ కనపడదో అలాంటి మనిషిని ఎంచుకుని, ఆ మనిషి పనిచేసే తీరును కదలికగా పట్టుకురావాలి. ఈతన్ కాఫీ చేసేవాణ్ణి పట్టుకొచ్చాడు. అది అతనే. రెండు శనివారాలు ఒక కెఫేలో పనిచేశాడట.

నేను అమ్మను పట్టుకొచ్చాను.

మా అమ్మ శిరోమణి గుంటూరు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో పదిహేడేళ్లు నర్సు. న్యూజిలాండ్ వచ్చాక ఆ పదిహేడేళ్లు చెల్లలేదు. పకురంగ వైపు ఒక రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరి ముసలివాళ్లకు స్నానాలు చేయించేది, బట్టలు తొడిగేది, మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి మార్చేది. ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కింది. ఇక మిగిలింది రెండు నెలల నర్సింగ్ ట్రైనింగ్. దానికి ఆ హోమ్ మేనేజర్ లినెట్ ఉత్తరం ఇవ్వాలి, ఈ మనిషి పని మీద ఏ మచ్చా లేదని. సెప్టెంబర్లో ఇస్తానంది. ఆ ఉత్తరం వస్తే అమ్మ మళ్లీ నర్సు. మా ఇంట్లో ఆ ఏడాది చేసిన ప్రతి ప్రార్థనా ఆ ఉత్తరం గురించే.

బుధవారాలు నాకు మధ్యాహ్నం క్లాసు ఉండదు. మా పాత కరోలా కారులో వెళ్లి మూడింటికి అమ్మను తీసుకొచ్చేదాన్ని. ఒక బుధవారం ఎంతకీ రాకపోతే లోపలికి వెళ్లాను. కారిడార్లో గోడ మీద పెద్ద పోస్టరు: చేతులతో ఎత్తరాదు. దాని కింద ఎత్తే యంత్రం బొమ్మ. హోయిస్ట్ అంటారు. ఒక ఇనుప చెయ్యి, దానికి గుడ్డ జోలె. మనిషిని జోలెలో సర్ది బటన్ నొక్కితే గాల్లోకి లేస్తాడు. చేతులతో ఎత్తితే పనివాళ్ల నడుములు విరుగుతాయి, ముసలివాళ్ల చర్మం చిరుగుతుంది. కాబట్టి రూలు మంచిదే. ఆ మాట ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

చివరి గది తలుపు ఓరగా ఉంది. హోయిస్ట్ ఒక మూల నిలబడి ఉంది. అమ్మ మంచం ముందు కొద్దిగా వంగి, తన మోకాలు ఒక ముసలాయన మోకాళ్ల మధ్య ఆనించి, ఆయన చేతులు తన మెడ చుట్టూ వేయించుకుని, నడుము దగ్గర పంట్లాం గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ముందుకీ వెనక్కీ ఊగుతున్నారు. "ఒకటి" అంది అమ్మ. "ఒకటీ" అన్నాడాయన, తెల్లవాళ్ల నాలుకతో. "రెండు." "రెండూ." మూడు అనగానే ఆయన తేలిగ్గా లేచి నిలబడ్డాడు. ఇద్దరూ చిన్న చిన్న అడుగులతో పావు వంతు తిరిగారు. ఆయన కుర్చీలో కూర్చుని, పెద్ద పని సాధించినవాడిలా నవ్వాడు.

అంత అందమైన కదలిక మా స్టూడియోలో నేను ఎప్పుడూ చూడలేదు.

కారెక్కాక అడిగితే అమ్మ ముఖం పాలిపోయింది.

"చూశావా? ఎవ్వరికీ చెప్పమాకే తల్లీ. చేత్తో ఎత్తనని సంతకం పెట్టించుకున్నారు. ఉజ్జోగం పోద్ది."

"మరెందుకు ఎత్తుతున్నావ్?"

"ఆయన, హాల్డేన్ గారు, రేవులో ముప్పై ఏళ్లు క్రేన్ నడిపాడు. ఓసారి కట్టు తెగి సరుకు మనిషి మీద పడిందంట, కళ్లారా చూశాడు. ఆ జోలెలో వేస్తే చంటిపిల్లాడల్లే వణికిపోతాడే. గదిలో ఇంకెవరూ లేనప్పుడు నేనే లేపుతన్నా. నాకు కొత్తా ఏంటి, పదిహేడేళ్లు లేపినదాన్ని."

ఆ రాత్రి అన్నాలయ్యాక అది నాకు నేర్పమన్నాను. క్లాసులో ఒకళ్లనొకళ్లు ఎత్తే ఎక్సర్‌సైజు ఉందన్నాను. అమ్మ అంత సంబరపడటం నేను చాలాకాలంగా చూడలేదు. నా చదువులో తనకు తెలిసిన పని ఒకటి తగిలిందని కాబోలు. నాన్నను మంచం మీద కూర్చోబెట్టి, "నడుముతో కాదే, మోకాళ్లతో. బరువు నువ్వు మొయ్యకూడదు, ఆయన్నే లేవనియ్యాలి. నువ్వు ఊరికే తోడుండాలి" అని గంటసేపు నేర్పించింది. మా నాన్న నోవహు ఎయిర్‌పోర్టు దగ్గర గిడ్డంగిలో రోజంతా పెట్టెలు మోసి వచ్చిన మనిషి. పదోసారి లేపేసరికి "నన్ను పడుకోనిస్తారా లేదా" అని మొత్తుకున్నాడు. అమ్మ పడీ పడీ నవ్వింది.

స్టూడియోలో నాకు ముసలాయనగా ఈతన్‌ని ఇచ్చారు. ఎనభై కిలోల మంచితనం. ఊగుతూ లెక్కపెడుతుంటే "మా తాతయ్య కూడా ఇలాంటి హోమ్‌లోనే ఉన్నాడు" అన్నాడు. వెళ్లి చూస్తుంటావా అని అడిగాను. "లేదు, ఆ వాసన నావల్ల కాదు. నేను చాలా సెన్సిటివ్" అన్నాడు. ఆ మాటని పొదుపుగా దాచుకుని మూడు రోజులు తలుచుకుని తలుచుకుని అతన్ని అసహ్యించుకున్నాను. ఏ హోమ్ అని మాత్రం అడగలేదు. అతని గురించి ఏదైనా తెలుసుకోవలసినంత విషయం ఉంటుందని నాకు తోచలేదు.

మార్గో చూసి ఏడ్చింది. ఆమె దేనికైనా ఏడుస్తుంది కాబట్టి లెక్కచేయలేదు. కానీ మిగతా పదిమందీ టేపు పక్కన పెట్టి నిశ్శబ్దంగా చూశారు. "ఇదే ప్రతిఘటన. యంత్రం ముందు ఇద్దరు మనుషులు" అంది మార్గో. ఎవరిదీ కదలిక అని అడిగి, "మూలాన్ని గౌరవించాలి" అంటూ ప్రోగ్రాం కాగితంలో అచ్చు వేయించింది: రెస్ట్ హోమ్ కేర్‌గివర్‌గా పనిచేస్తున్న దీనా తల్లి నుంచి.

ఎవ్వరికీ చెప్పమాకే అన్న మాట నాకు గుర్తులేక కాదు. మా ప్రదర్శనలకు ఎవరొస్తారు గనక? క్లాసువాళ్ల రూమ్మేట్లు, వాళ్ల గర్ల్‌ఫ్రెండ్లు, మార్గో మాజీ మొగుడు. పిడికిళ్లు చూసి చప్పట్లు కొట్టి, వైన్ తాగి పోతారు. నాటకం వల్ల లోకంలో ఒక్క కుర్చీ కూడా ఇటుది అటు జరగదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఉన్నవాళ్లకి భయం ఉండదు.

అమ్మను పిలవలేదు. స్టూడెంట్లకే అని చెప్పాను.

ఆగస్టులో ఒక శుక్రవారం సాయంత్రం వేశాం. నల్ల టేపులు అయ్యాయి, కూలిపోవడాలు అయ్యాయి. చివర్లో నేనూ ఈతనూ. ఒకటి, రెండు, మూడు. అతను లేచాడు, తిరిగాం, కూర్చున్నాడు. అలా నాలుగు సార్లు. ఐదోసారి కుర్చీ ఖాళీగా ఉంచి నేనొక్కదాన్నే గాలిని లేపాను. హాల్లో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినపడింది.

అయ్యాక ఒక పెద్దావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఈతన్ వాళ్లమ్మట, పేరు హెలెన్.

"ఆ లెక్క ఏంటమ్మా?"

"తెలుగు. మా భాషలో ఒకటి, రెండు, మూడు."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మా నాన్న రెండు నెలలుగా అదే అంటున్నాడు. కుర్చీ దగ్గరికెళ్లినప్పుడల్లా. మతి తప్పుతోందనుకున్నాం. డాక్టరుకి కూడా చెప్పాను." నా రెండు చేతులూ పట్టుకుంది. "నేనింత మంచి నాటకం చూడలేదు. మీ అమ్మ ఎక్కడ పనిచేస్తుంది? పేరేంటి?"

చెప్పాను. హోమ్ పేరు, అమ్మ పేరు, అర్థం కాలేదంటే ఒక్కో అక్షరం విడదీసి మరీ చెప్పాను.

హెలెన్ ఫిర్యాదేమీ చేయలేదు. లినెట్‌కి ఈమెయిల్లో నిండు మనసుతో కృతజ్ఞతలు చెప్పింది. మీ శిరోమణి మా నాన్నను యంత్రానికి అప్పజెప్పకుండా సొంత చేతులతో లేపుతున్నందుకు మా కుటుంబమంతా రుణపడి ఉంటామని. సోమవారం అమ్మ చేతికి హోమ్ నుంచి కవరు వచ్చింది. భద్రతా నియమం ఉల్లంఘించినట్టు తెలిసింది, గురువారం విచారణకు రావాలి, తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చు. దానికి హెలెన్ ఈమెయిలూ, మా ప్రోగ్రాం కాగితమూ జతచేసి ఉన్నాయి.

అమ్మ మంచం మీద కూర్చుని ప్రోగ్రాం కాగితం అటూ ఇటూ తిప్పింది.

"నన్ను ఆడించావా? అందరి ముందూ?"

కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"నవ్వారా?"

"లేదమ్మా. ఏడ్చారు."

"ఏడవడం దేనికి?" అంది, నిజంగా అర్థంకాక. అంతవరకూ నేను తట్టుకున్నాను. ఆ ప్రశ్నకు మాత్రం సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తిడితే బాగుండేది. తిట్టలేదు.

నాన్న గడపలో నిలబడి, "ఉన్నదున్నట్టు చెప్పేసెయ్ శిరోమణీ. ప్రభువే చూసుకుంటాడు" అన్నాడు.

"ప్రభువు నర్సింగ్ కౌన్సిల్లో కూర్చోలేదండీ" అంది అమ్మ. ఆదివారం బడిలో పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పే మనిషి. తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు కల్పించానని చెప్పు. మీరు చేసేదదేగా, కల్పించడం."

గురువారం లినెట్ ఆఫీసులో బిస్కెట్ల ప్లేటు కూడా పెట్టారు. పద్ధతైన మనుషులు, మనిషిని పనిలోంచి తీసేసేముందు బిస్కెట్ తినమంటారు. లినెట్ ఈమెయిల్ చదివి వినిపించింది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. అదంతా నా ఊహ. మేం చదివేది కల్పన. అమ్మ పనిచేయడం నేను ఒక్కసారైనా చూడలేదు.

"మరి ఆ లెక్క?"

"మా ఇళ్లల్లో పిల్లల్ని లేపేటప్పుడు అలాగే లెక్కపెడతారు. మెషిన్ పైకి లేచేటప్పుడు ఆయనకు భయం పోవాలని అమ్మ నేర్పి ఉంటుంది."

నా కళ్లు తడిసిన తీరూ, గొంతు ఆగిన చోటూ అన్నీ సరిగ్గా కుదిరాయి. రెండేళ్లు ఫీజు కట్టి నేర్చుకున్న విద్య మొదటిసారి పనికొచ్చింది. లినెట్ నమ్మలేదని నాకు తెలుసు. పనివాళ్లు దొరక్క ఆమె చస్తోంది. ఫైల్లో పెట్టుకోవడానికి ఆమెకి ఒక కాగితం కావాలి, అంతే. నేను చెప్పింది అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది.

"శిరోమణీ, ఒక్కసారి హోయిస్ట్ వాడి చూపిస్తావా? ఫార్మాలిటీ. దీనా పేషెంట్‌గా పడుకుంటుంది" అంది.

ఖాళీ గదిలో మంచం మీద పడుకున్నాను. అమ్మ నన్ను ఒక పక్కకు తిప్పి కింద జోలె పరిచింది, రెండో పక్కకు తిప్పి లాగింది. కాళ్ల కింద పట్టీలు, భుజాల దగ్గర కొక్కేలు, ఒక్కోదాన్నీ రెండుసార్లు లాగి చూసింది. బటన్ నొక్కింది. నా వీపు మంచాన్ని వదిలింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. కాళ్లు నావి కానట్టు వేలాడుతున్నాయి. నెమ్మదిగా గిర్రున తిరిగాను. కిందకి దింపేయమని అరవాలనిపించింది. అమ్మ నా ముఖంలోకి చూసి, ఆ హోమ్‌లో ముసలివాళ్లందరికీ ఇచ్చే నవ్వు ఒకటి నవ్వి, ఇంగ్లీషులో "బాగానే ఉందా డియర్?" అంది. పుట్టినప్పటి నుంచీ అమ్మ నాతో ఇంగ్లీషు మాట్లాడలేదు.

"పర్ఫెక్ట్" అంది లినెట్, రాసుకుంటూ.

అమ్మ మీద మచ్చ పడలేదు. ముందుజాగ్రత్తగా ఒక్క ఏర్పాటు మాత్రం చేశారు. ఇకనుంచి హాల్డేన్ గారి గదిలోకి ఎప్పుడు వెళ్లినా ఇద్దరు కేర్‌గివర్లు కలిసి వెళ్లాలి.

మార్గో నాకు 'ఏ' గ్రేడు ఇచ్చింది. వెల్లింగ్టన్‌లో ఏదో ఫెస్టివల్‌కి ఆ ప్రదర్శన పంపుదామంది. నేను వద్దన్నాను. "భయపడుతున్నావు. కళాకారులు ధైర్యంగా ఉండాలి" అంది, చెప్పులు లేని కాళ్లు మఠం వేసుకుని. ఈతన్ మాత్రం తను ఒక్కడే ఏదైనా చేస్తానన్నాడు, తాతయ్య గురించి. చూడ్డానికి వెళ్లావా అని అడిగితే, ముందు లోపల నుంచి అనుభూతి చెందాలి అన్నాడు. నాకు కోపం కూడా రాలేదు. అతని తప్పు వెళ్లకపోవడం ఒక్కటే. నేను వెళ్లి, చూసి, నేర్చుకుని, అమ్ముకున్నాను.

సెప్టెంబర్ రెండో వారంలో ఉత్తరం వచ్చింది. ఆ ఆదివారం ఆరాధనకి మేం అద్దెకు తీసుకునే స్కూలు హాల్లో పాస్టరుగారు, "దేవుడు చేసిన మేలు ఎవరైనా సాక్ష్యం చెప్పదలుచుకుంటే లేవండి" అన్నాడు. అమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది.

"నా ఉత్తరం వచ్చిందండీ. నర్సింగ్ ట్రైనింగ్‌కి దారి దొరికింది. ప్రభువుకి స్తోత్రం."

హాలంతా స్తోత్రం అంది. ఆడవాళ్లు వెనక్కి తిరిగి నాకేసి కూడా నవ్వారు. అమ్మ కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు.

"ఒక ప్రార్థన మనవి కూడా అండీ. మా హోమ్‌లో ఒక పెద్దాయన. హాల్డేన్ గారని. నాలుగు వారాల నుంచి మంచం దిగటం లేదు. వీపు పుళ్లు పడతన్నాయి. ఆయన కోసం మీరందరూ ప్రార్థన చెయ్యాలి."

పాస్టరుగారు జేబులోంచి పెన్ను తీసి, చిన్న పుస్తకం తెరిచాడు. మనవులన్నీ పేరుతో, రోగంతో సహా రాసుకోవడం ఆయన అలవాటు.

"జబ్బేంటమ్మా?"

అమ్మ నావైపు చూడలేదు.

"జబ్బేం లేదండీ" అంది. "లేపేవాళ్లు లేరు."